ఆరో తిత్తి

లేదు. ఉండాల్సిన చోట రెండో గీత లేదు. పొద్దున చీకటి గదిలో తెర మీద చూసినప్పుడు లేదు, ఎక్కడో పొరపాటు పడ్డామని మళ్ళీ మొదటినుంచీ చేసి భోజనాలవేళ చూసినప్పుడూ లేదు, ఇప్పుడు గ్లాస్‌హౌస్‌లో ముక్కాలిపీట మీద కూర్చుని వరి వెన్ను చేతిలోకి తీసుకున్నా కళ్ళముందు అదే బొమ్మ, వరసగా పిల్లమొక్కల డీఎన్‌ఏ, కొన్నిటికి రెండేసి గీతలు, కొన్నిటికి ఒక్కటే, రెండోది ఉండాల్సిన చోట ఒట్టి నలుపు. అమ్మ మొక్కకి రెండూ ఉన్నాయి. అది హైబ్రిడ్, రెండు వేరు వేరు రకాలు కలిస్తే పుట్టింది, ఒక్కో రకం నుంచీ ఒక్కో గీత తెచ్చుకుంది. తండ్రి ప్రమేయం లేకుండా పుట్టిన గింజకైతే అమ్మకున్నవన్నీ ఉన్నవున్నట్టు రావాలి. ఒక గీత పోయిందంటే ఎక్కడో పుప్పొడి తగిలినట్టే, అది మామూలు గింజే అయినట్టే. మరి ఇన్నాళ్ళూ చెప్పుకున్నదంతా, హైబ్రిడ్ గింజని రైతు ఇంట్లో దాచుకుని మరుసటి ఏడు వేసుకున్నా అదే పంట పండుతుందనీ, ఏటా విత్తనాల కొట్టు మెట్లెక్కక్కర్లేదనీ, మొక్క లోపల నాలుగు జన్యువుల్ని సర్దితే అండం తనంతట తానే గింజ అవుతుందనీ, పెద్దసారు సభల్లో చెయ్యి ఊపుతూ చెప్పిందంతా ఏమైనట్టు. ఏమైనట్టో ఆమెకు అందడం లేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

చేతులకేం, అవి నిద్రలోనైనా చేస్తాయి. రేపు విచ్చుకోబోయే పువ్వుల్ని ఈ పూటే పట్టుకోవాలి, విచ్చుకున్నాక పనికిరావు. పచ్చటి పొట్టు కొసని కత్తెరతో వాలుగా కత్తిరించడం, సన్నటి పట్టకారు లోపలికి దించడం, ఆరు పుప్పొడి తిత్తుల్నీ పగలకుండా బయటికి లాగెయ్యడం, తొంగిచూడటం, లోపల ఈకల్లాంటి ఆడభాగం ఒక్కటే మిగిలిందని రూఢి చేసుకుని పక్క పువ్వుకి పోవడం. వెన్నంతా అయ్యాక బయటి పుప్పొడి సోకకుండా మైనపు కాగితం సంచి తొడిగి మూతి బిగించడం మరొకరి పని, తోటికోడలు చిన్నదాని పని. ల్యాబులో అందరూ ఆమెను పట్టకారమ్మ అంటారు, ఎదురుగానే అంటారు, ఆమెకూ అది ఇష్టమే. మిగతావాళ్ళు తలకి పట్టీతో బిగించుకునే పెద్ద అద్దాలు వాడతారు, కొత్తగా వచ్చినవాళ్ళు పీల్చే పంపులు వాడతారు, ఆమెది మాత్రం గడియారాలు బాగుచేసేవాళ్ళు కంట్లో ఇరికించుకునే భూతద్దం. కుడి కంటికి పెట్టుకుని ఎడమ కన్ను మూసేస్తుంది. పని నేర్పిన పెద్దావిడ అలాగే చేసేది, ఆమెకూ అదే అలవాటైంది. ఆరూ వచ్చాయో లేదో నల్లకాగితం మీద పరిచి లెక్కపెట్టుకోండని కొత్తవాళ్ళకి చెబుతుంది గానీ తను లెక్కపెట్టదు. ఆ దశ ఎప్పుడో దాటిపోయింది. కిందటి పంటకాలంలో చిన్నది మెల్లిగా దగ్గరికొచ్చి, "అక్కా, మనవి కూడా లెక్కపెడదామా, ఊరికే, ఒక రుజువుగా ఉంటుంది" అంటే, "చెయ్యి తిరిగినవాళ్ళు ఉప్పు గింజలు లెక్కపెట్టి వేస్తారటే కూరలో" అని నవ్వేసింది. చుట్టుపక్కలవాళ్ళూ నవ్వారు. చిన్నది కూడా నవ్వింది పాపం.

"పువ్వు లోపల మిగిలిపోయిందా, సంచిలోకి బయటినుంచి వచ్చిందా. ఈ రెండే కదమ్మా దారులు" అన్నారు పెద్దసారు మధ్యాహ్నం, పొడవాటి బల్లకి ఆ చివర కూర్చుని, కలం మూత కొరుకుతూ. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. గోడ మీద బొమ్మలో ఆ గీతలు, ఆ నలుపు, అందరి ముఖాలూ అటే. అప్పుడు ఆమె అంది, "నా పువ్వుల్లో మిగలదు సార్." గొంతు పెంచలేదు, కోపంతోనూ అనలేదు, ఎవరైనా టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పింది. అబద్ధమా అది. ఇన్నేళ్ళలో ఎవరైనా వేలెత్తి చూపించారా. పెద్దసారు తల ఊపారు, పక్కనున్నవాళ్ళు తల ఊపారు, ఆ తలలన్నీ ఊగి ఊగి ఒకేసారి చిన్నదాని వైపు తిరిగి ఆగిపోయాయి. తను అన్న మాటకి రెండో కొస ఉందనీ, ఆ కొస చిన్నదాని మెడకి చుట్టుకుందనీ అప్పటిదాకా తోచనే లేదు, నిజంగా తోచలేదు, ఇప్పుడు ఎవరైనా వచ్చి అడిగినా ఒట్టుపెట్టి చెబుతుంది. చిన్నది గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. నా సంచులు గట్టిగానే కట్టానని ఒక్కమాట అనొచ్చు కదా, అనలేదు. "సరేనమ్మా, సాయంత్రం ఒకసారి నా గదికి రా. పైవాళ్ళకి ఏం చెప్పాలో ఇవాళే చెప్పెయ్యాలి" అన్నారు పెద్దసారు చిన్నదానితో. ఆ మాటకి అర్థమేమిటో అక్కడున్న అందరికీ తెలుసు. చిన్నదానిది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఈ నెలాఖరుకి పొడిగించాలి. పని పాడుచేసిందన్న పేరుతో ఇక్కడినుంచి పోతే ఇంకే ల్యాబూ గడప ఎక్కనివ్వదు.

వెన్ను తిప్పింది, ఇంకో పువ్వు, కత్తెర, పట్టకారు, తొంగిచూడటం, ఖాళీ, శుభ్రంగా ఉంది. అసలు చిన్నదాన్ని ఇంటికి తెచ్చుకున్నదే తను. మరిదికి సంబంధాలు చూసి చూసి ఇంటిల్లిపాదీ విసిగిపోయిన రోజుల్లో, ఇక్కడే, ఆ పక్క గదిలో, ఒక పిల్ల డీఎన్‌ఏ గీతలు చూసే జెల్ పలకలు పోస్తూ, బుడగలు రాకుండా ఊపిరి బిగబట్టి, పోయడం అయ్యాక దానికే వినిపించేట్టు "అయిపోయిందమ్మా, పడుకో" అని జెల్‌కి చెప్పడం విని, ఈ పిల్లైతే మా మరిదిలాంటి మొద్దబ్బాయిని నెట్టుకొస్తుంది అనుకుంది. అంతే, మాటలు కలిపింది, ముడిపెట్టింది. ఒకే మేడలో కింద పెద్దవాళ్ళు, పైన చిన్నవాళ్ళు. "ఒక ఇంట్లో ఇద్దరు కోడళ్ళుంటేనే చాలనుకున్నాను, మీరు ఆఫీసులో కూడా తోటికోడళ్ళేనా, ఇంక నేను ఎవరితో ఎవరిమీద చెప్పుకోను" అని అత్తగారు వాపోయేది, ఆవిడ దిగులు ఆవిడది. నిజానికి ఇద్దరిమధ్యా పెద్దగా ఏమీ వచ్చింది లేదు. కుళాయి దగ్గరా, బట్టలారేసే తీగ దగ్గరా వచ్చే చిన్న చిన్నవి తప్ప. చిన్నదానికి తనంటే గురి, మరీ అంత గురి పనికిరాదేమో అనిపించేంత గురి. వచ్చిపోయేవాళ్ళందరికీ "మా అక్క చెయ్యి చూడండి, చెయ్యి" అని చూపిస్తుంది, అదేదో తన చెయ్యే అయినట్టు. మధ్యాహ్నం ఆ గోళ్ళు చూసుకోవడం ఏమిటి. సంచి వదులైతే వదులైందని చెప్పాలి, కాకపోతే కాలేదని చెప్పాలి. ఇప్పుడు పెద్దసారు గదిలో ఏం మాట్లాడుతోందో. గ్లాస్‌హౌస్ అద్దాల్లోంచి చూస్తే అవతల భవనం కనిపిస్తుంది గానీ ఆ గది కిటికీ వెనకవైపు ఉంది. రాత్రికి ఇంట్లో మరిది ముఖం ఎలా చూడాలి. భర్తకేం చెప్పాలి, ఏమీ చెప్పక్కర్లేదు, ఆయనకి అంతా మర్నాటికి తెలుస్తుంది, ఎప్పుడూ అంతే.

లోపల మిగల్లేదు కదా, మరి ఎలా వచ్చింది. ఫ్యాను గాలికా, పుప్పొడి ఎంతసేపు బతుకుతుంది గనక, నిమిషాల్లో చచ్చిపోతుంది, అయినా ఆ కాసేపట్లో పక్క వెన్ను నుంచి సంచి మూతిలోకి దూరాలంటే మూతి ఉండాలి కదా తెరుచుకుని. చీమలా, చీమలు మోస్తాయా, నీళ్ళ పైపు లాగినప్పుడు సంచికి తగిలి చిరిగిందా, చిరిగితే కనిపించేది. తిరగా మరగా అదే దగ్గరికి వచ్చి ఆగుతోంది, చిన్నదాని సంచి దగ్గరికి. కోపం వచ్చింది, ఉన్నట్టుండి. ఇంత చేసి, ఇన్ని వెన్నులు, మెడ వంగిపోయేదాకా, నడుము పట్టేసేదాకా తను ఒక్కొక్క పువ్వూ తెరిచి శుభ్రం చేసి అప్పజెబితే ఒక కాగితం మూతి మడవడానికి చేతకాలేదా. వెంటనే సిగ్గేసింది. చిన్నది అలా చెయ్యదు. జెల్‌ని జోకొట్టే మనిషి సంచి మూతి వదిలేస్తుందా. వదిలెయ్యదు. తను మిగల్చదు, అది వదిలెయ్యదు, అయినా గీత లేదు. ఈ మూడూ ఒకచోట ఎలా ఉంటాయి. గాజు పైకప్పు మీద ఎండ వాలినా వేడి దిగలేదు, నేల తడిమీద నుంచి ఆవిరి లేచి ముఖానికి కొడుతోంది, నుదుటి మీద చెమట బొట్టు కనుబొమ దాటి సూటిగా కుడి కంట్లోకి దిగింది. భగ్గుమంది. అద్దం తీసి భుజంతో తుడుచుకుంది, కన్ను తెరుచుకోవడం లేదు, నీళ్ళు కారుతున్నాయి. చేతిలో వెన్ను సగం అయింది, పొద్దు వాలిపోతోంది, ఆగడానికి లేదు. విసుగ్గా అద్దాన్ని ఎడమ కంట్లో ఇరికించుకుంది. ఈ కంటితో ఎప్పుడూ చెయ్యలేదు, అద్దం నిలవడం లేదు, చెంప పైకి ఎగలాగి నిలబెట్టింది. ఇప్పుడే శుభ్రం చేసిన పువ్వు అది. దాన్ని ఒకసారి చూసుకుని కంటిని సరిచేసుకుందామనుకుంది.

పువ్వులో పసుపుపచ్చటిది ఒకటి ఉంది. పైన, ఎడమ పక్కన, పొట్టుకి ఆనుకుని, ఈకలకి కాస్త ఎగువన, నిండుగా, పగలడానికి సిద్ధంగా. పుప్పొడి తిత్తి. ఎక్కడిది ఇది. గాలికి పక్క పువ్వులోది వచ్చి పడిందా, కాదు, కాడతో ఉంది, కింద అతుక్కుని ఉంది, ఇక్కడే పుట్టింది, ఈ పువ్వుదే. ఆరోది. ఆమె పట్టకారు ఎత్తలేదు. కుడి కన్ను నులుముకుని, మంట తగ్గేదాకా ఆగి, అద్దం మళ్ళీ ఆ కంటికి మార్చి చూసింది. ఖాళీ. ఈకలున్నాయి, పొట్టు ఉంది, పొట్టు లోపలి లేతపచ్చ నునుపు అంచుదాకా ఉంది, ఎక్కడా చుక్క కూడా లేదు. ఎడమ కన్ను. ఉంది. కుడి కన్ను. లేదు. ఎడమ. ఉంది. ఇదేదో పిల్లలాటలా ఉంది, ఇంట్లో పిల్లలు బొటనవేలు ముందు పెట్టుకుని ఒక కన్నూ ఇంకో కన్నూ మూస్తూ వేలు కదిలిందని కేరింతలు కొడతారు, అలాంటిదే ఏదో, అద్దం వంకరగా పెట్టుకుంది, చెమట మసక, అలసట. ముందు పువ్వు చూసింది, ఎడమ కంటితో. శుభ్రంగా ఉంది. హమ్మయ్య. దాని ముందుది. శుభ్రం. దాని ముందుది, పైన, ఎడమ పక్కన, పసుపుపచ్చగా ఒకటి. కత్తెర జారి తడినేల మీద పడింది. ఆ వెన్నులో ఇంకా వెతికింది. మరొకటి దొరికింది, అదే చోట. ఎక్కడో అక్కడ కాదు, ప్రతిసారీ అదే చోట, ఒకరు కావాలని దాచిపెట్టినట్టు.

మూసిన కన్ను తెరిస్తే అన్నీ మామూలే. కుండీలున్నాయి, పైపు ఉంది, తలుపు గొళ్ళెం కనిపిస్తోంది. అందుకే ఇంట్లో తెలియలేదు, రోడ్డు మీద తెలియలేదు, ఒక కంట్లో పోయింది రెండో కన్ను ఇస్తూ వచ్చింది. రెండో కన్ను మూసుకునేది లోకంలో ఒక్కచోటే, ఈ పీట మీద, ఈ పని దగ్గరే. అమ్మ. అమ్మ కుట్టుమిషను చప్పుడు చెవుల్లోకి వచ్చేసింది. అమ్మ ఒక దుకాణంలో చొక్కాలు కుట్టేది. మొదట్లో అంత పేరున్న మనిషి, తర్వాత తర్వాత కాజాలు పక్కకి పోవడం, అంచు కుట్టు ఒకచోట తప్పిపోవడం, యజమాని చొక్కా తెచ్చి అమ్మ ముఖం మీదకి విసరడం. అమ్మ ఆ చొక్కాని ఎత్తి పట్టుకుని, "బాగానే ఉంది కదే, ఎక్కడుంది తప్పు, నాకు బాగానే కనిపిస్తోంది" అనేది. తను అప్పుడు పరీక్షలకి చదువుకుంటోంది, పుస్తకంలోంచి తలెత్తకుండా, "చూసి కుట్టమ్మా" అంది. ఒకసారి కాదు. ఎన్నోసార్లు అంది. చూసి కుట్టమ్మా. చివరికి ఆస్పత్రికి తీసుకెళ్తే కంటి డాక్టరు అన్నాడు, కన్ను చూడలేని చోట చీకటేమీ కనిపించదమ్మా, మనసు పక్కనున్నదాన్నే తెచ్చి అక్కడ అతికిస్తుంది, అందుకే ఎవరూ తొందరగా రారు, కూతుళ్ళకి కూడా రావచ్చు, మీరు ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండండి. అలాగేనండీ అంది. ఆ ఏడు పంట కంకిమీద ఉంది, వెళ్ళలేదు. తర్వాత ఏడు మరిది పెళ్ళి. ఆ తర్వాత అమ్మే లేదు, ఆ సంగతి గుర్తుచేసేవాళ్ళూ లేరు. అమ్మవన్నీ ఉన్నవున్నట్టు పిల్లకి దించాలని ఇన్నేళ్ళు మొక్కల వెంటపడింది గానీ, తనకి అమ్మనుంచి ఏం దిగిందో తలెత్తి చూసుకోలేదు. భయం వేసింది. పీట కింద నేల లేదన్నంత భయం. అమ్మ చివర్లో గిన్నె అంచు వేళ్ళతో తడుముకుని తాగేది.

ఎడమ కంటికే అద్దం పెట్టుకుని ఆ మూడు తిత్తుల్నీ లాగెయ్యొచ్చు. ఆ ఆలోచన ఎంత మెల్లిగా వచ్చి పక్కన కూర్చుందో ఆమెకు తెలియలేదు. ఇక్కడెవరూ లేరు. రేపటినుంచి ఎడమ కంటితో చేసుకోవచ్చు, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది, లెక్క కూడా పెట్టుకోవచ్చు, వయసు పైబడ్డాక జాగ్రత్త పెరిగిందనుకుంటారు. డాక్టరు దగ్గరికి చాటుగా వెళ్ళిరావచ్చు. చిన్నదానికేం, మొగుడికి ఉద్యోగం ఉంది, ఇల్లు ఉంది, చిన్న వయసు, ఏదో ఒకటి దొరక్కపోదు. పట్టకారమ్మకి ఈ చెయ్యి తీసేస్తే ఏముంది. పెద్దసారులా నాలుగు మాటలు చెప్పలేదు, చిన్నదానిలా జన్యువుల తలా తోకా పట్టుకోలేదు. ఉన్నది ఈ చెయ్యి, దాన్ని నమ్ముకున్న ఈ పేరు. ఇలా అనుకుంటూనే పట్టకారు పువ్వులోకి దించింది కూడా, తిత్తి కాడ కొసకి తగిలింది, చిటికెలో వచ్చేస్తుంది. అప్పుడు తన మీద తనకి అసహ్యం వేసింది. చొక్కా విసిరిన యజమానికైనా అమ్మ కంటి సంగతి తెలియదు. తనకి తెలుసు. తెలిసి, చిన్నదాన్ని ఆ గదిలో కూర్చోబెట్టి, ఇక్కడ తిత్తులు పీకుతోంది. పట్టకారు బయటికి తీసింది. తిత్తిని ఉన్నచోటే ఉంచేసి, ఆ వెన్నుకి ఎర్ర దారం ముడివేసి, లేచింది. మోకాళ్ళు పట్టేశాయి. తలుపు దగ్గర తెల్లకోటు విప్పాలి, విప్పడం మర్చిపోయి అలాగే బయటికి వచ్చేసింది, సగం దారిలో గుర్తొచ్చినా వెనక్కి పోలేదు. వరండాలో ఎదురైన ఇద్దరు కుర్రవాళ్ళు, "ఏంటమ్మా, కోటుతోనే" అని నవ్వబోయి ఆమె ముఖం చూసి తప్పుకున్నారు. ఎడమ కన్ను ఒకసారి మూసి చూసింది నడుస్తూ. వరండా ఉంది, స్తంభాలున్నాయి, అంతా సవ్యంగా, నిండుగా ఉంది. ఎంత బాగా అబద్ధం చెబుతోంది ఈ కన్ను. ఎంతకాలంగా చెబుతోందో కదా. కిందటి పంటకాలం మాత్రమేనా, అంతకుముందుది కూడానా, అసలు ఏ గింజకి తండ్రి ఉన్నాడో ఏ గింజకి లేడో ఇంక ఎవరు చెప్పగలరు. ఇదంతా తర్వాత. ముందు చిన్నది. పెద్దసారు పైవాళ్ళకి ఫోను ఎత్తేలోపల.

పెద్దసారు గది తలుపు తెరిచే ఉంది. చిన్నది కుర్చీ అంచున కూర్చుని ఉంది, ఏడవడం అయిపోయినట్టుంది, ముఖం కడుక్కున్నట్టు ప్రశాంతంగా ఉంది. దాన్ని అలా చూడగానే ఆమె కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి.

"మీరూ రండి" అన్నారు పెద్దసారు. "చెప్పేసింది. ఒకందుకు మంచిదే అయింది, ఇంక వెతుక్కోనక్కర్లేదు."

"ఏం చెప్పింది సార్?"

"నాకు గుర్తొచ్చిందక్కా" అంది చిన్నది. "అద్దాల గోడ పక్క వరసలో. ఆ రోజు సంచి మూతి మడుస్తుంటే నా ఫోను మోగింది. సగం మడిచి అలాగే వదిలేసి మాట్లాడాను. మధ్యాహ్నం నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను, ముందు తట్టలేదు, ఇప్పుడు బాగా కనిపిస్తోంది. ఆ సంచి కూడా కనిపిస్తోంది."

గ్లాస్‌హౌస్‌లోకి ఫోను రానే రాదు. అందరివీ బయట అల్మరాలో పెట్టి, కోటు మార్చుకుని లోపలికి పోవాల్సిందే, ఆ నియమాన్ని ఒక్కరోజు కూడా తప్పని మనిషి ఎవరైనా ఉంటే అది చిన్నదే. "నువ్వు లోపలికి ఫోను ఎప్పుడు తెచ్చావే" అంది ఆమె.

చిన్నది ఒక్క క్షణం తడబడింది. "తెచ్చే ఉంటానక్కా" అంది. "నీ చెయ్యి తప్పదు కదా. మరి నాదే అయ్యుండాలి కదా."

ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తిత్తి కనిపించినప్పుడు కూడా ఇంత దెబ్బ తగల్లేదు. చిన్నది భయపడి ఒప్పుకోలేదు, ఇల్లు గొడవ కాకూడదనీ ఒప్పుకోలేదు. అక్క చెయ్యి తప్పదని ఒకటి పట్టుకుని, మిగిలిన ఖాళీలో ఒక ఫోనూ ఒక సంచీ తెచ్చి తనే పెట్టుకుంది, పెట్టుకుని నమ్మేసింది. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "సార్, నా పువ్వుల్లోనే మిగిలాయి. ఇప్పుడే చూశాను. నా కుడి కన్ను పోతోంది. అద్దం పెట్టుకునే కన్ను" అంది.

పెద్దసారు కలం పక్కన పెట్టి అలసటగా నవ్వారు. "ఇంటి మనిషిని కాపాడుకోవాలని ఎవరికైనా ఉంటుందమ్మా. నాకు అర్థమవుతుంది. కానీ మీ కన్ను పోతే ఆ పని చేస్తారా మీరు? అంత సన్నటి పని?"

"వద్దక్కా" అంది చిన్నది. "నాకోసం ఇలాంటివి చెప్పకు. ఎర్ర బస్సు మీద నంబరు అంత దూరం నుంచి చదువుతావు నువ్వు."

నమ్మడం లేదు. ఇద్దరూ నమ్మడం లేదు. ఇప్పుడు కూడా ఊరుకుంటే చాలు, ఇంకో మాట అనక్కర్లేదు, చెప్పాల్సింది చెప్పాను వాళ్ళే వినలేదని జీవితాంతం చెప్పుకోవచ్చు. ఆమె చిన్నదాన్ని చెయ్యి పట్టి లేపింది. "ఇలా నా ఎదురుగా నిలబడు. నీ ముక్కు మీదే చూస్తుంటాను, చూపు కదపను. నువ్వు చూపుడువేలు నీ ముఖానికి కుడిపక్కన, అంటే నాకు ఎడమపక్కన, పెట్టుకుని మెల్లిగా కొంచెం పైకి జరుపు. ఉందో లేదో చెబుతుంటాను" అని, అరచేత్తో ఎడమ కన్ను గట్టిగా మూసుకుంది. చిన్నది పెద్దసారు వైపు చూసింది, ఆయన కానివ్వమన్నట్టు తలాడించారు. కుడి కంట్లో ఇంకా చెమట మంట ఉంది. చిన్నదాని ముక్కు ఉంది, దాని మీద చిన్న మచ్చ ఉంది, వెనక గోడ లేతనీలం రంగు, బీరువా అంచు, అంతా ఉంది. వేలు లేచింది.

"ఉందా?"

"ఉంది."

వేలు కాస్త జరిగింది. "ఇప్పుడు?"

"ఉంది."

పైన ఫ్యాను తిరుగుతోంది. ఆమె ముక్కు మీదనుంచి చూపు తిప్పలేదు, మచ్చ మీదే నిలిపింది, రెప్ప కూడా వెయ్యకుండా నిలిపింది. చిన్నది వేలు దించేసింది. గోడ లేతనీలంగా, చదునుగా, అడ్డేమీ లేకుండా ఉంది. మళ్ళీ పెడుతుందని చూసింది. పెట్టడం లేదు. అడగడం కూడా లేదు. పెద్దసారు కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

"దించేశావేం" అంది ఆమె. "పెట్టు, చూస్తున్నాను."



"దించలేదక్కా" అంది. "అక్కడే ఉంది."